కరువు బండికి వాన తలుపులు

కరువును చూడటానికి వచ్చే బృందం వానలో తడవకూడదని కరువు సందర్శన సౌకర్యాల సంఘం తీర్మానించింది. బెళుగుప్ప వైపు వాన పడి చాలా నెలలైంది. అయినా సంఘం వాన మీద కోపం పెట్టుకోలేదు. వస్తే మర్యాదగా బయటే నిలబెట్టాలన్నది దాని ఉద్దేశం.

బృందానికి గోల్ఫ్ బండ్లు కుదిరాయి. హైవే పక్కన ప్లాట్లు అమ్మే కంపెనీ ఒకటి గోల్ఫ్ మైదానం వేస్తానని వాటిని కొన్నది. గడ్డి మొలవలేదు, బండ్లు మిగిలాయి. అవి బ్యాటరీతో నడుస్తాయి, చేల మధ్య ఇరుకు దారిలోనూ పడతాయి, చప్పుడు చేయవు. కరువుకు ఇబ్బంది కలగకుండా దాని దగ్గరికి వెళ్లడానికి తగిన వాహనమని సంఘం మెచ్చుకుంది. లోపం ఒక్కటే. పైన టాపు తప్ప నాలుగు వైపులా ఖాళీ.

ఆ ఖాళీ మూసే పని ఖాజా హుస్సేన్‌కు వచ్చింది. ఊరు ఎర్రదొడ్డి, దుకాణం బెళుగుప్పలో. ఆటోలకు టాపులు, సీట్లు కుడతాడు. సంఘం సౌకర్యాల అధికారి చంద్రమోహన్ దుకాణానికి వచ్చి రెక్జిన్ తలుపులు, వాటికి జిప్పులు, ముందు వైపు అద్దంలాంటి ప్లాస్టిక్ షీటు కావాలన్నాడు. చుక్క నీరు లోపలికి రాకూడదన్నాడు.

"వాన లేదనే గదా సార్ మీరు వస్తాండేది?" అన్నాడు ఖాజా.

"వాన పడకపోవడం బృందం పరిశీలించే విషయం. బృందం తడవకపోవడం నేను చూసుకునే విషయం. రెండూ కలపకూడదు."

ఖాజా కలపలేదు. ఎర్రదొడ్డి దారిలో ఆయన వేరుశనగ చేను ఊడలు దిగి కాయ పట్టకముందే ఎండిపోయింది. బృందం దాన్ని చూసి మండలాన్ని కరువు జాబితాలో చేరిస్తే పశువులకు మేత వస్తుంది. చేర్చకపోతే భార్య అమీర్ బీ దూడనాటి నుంచి పెంచిన ఆవు సంతకు పోతుంది. ఆవు అప్పటికే గోనెసంచులు నమలడం మొదలుపెట్టింది.

అందుకని ఖాజా అనంతపురం పోయి మరీ షీటు తెచ్చాడు. అందులోంచి చూస్తే ఎండిన మొక్క ఆకు ఆకూ కనపడాలి. తలుపులకు కుట్టు మీద కుట్టు వేశాడు. చంద్రమోహన్ బండిలో కూర్చుని, జిప్పులు మూయించుకుని, పైనుంచి బిందెలతో నీళ్లు పోయించుకున్నాడు. తడవకుండా బయటికి వచ్చి, కరువును ఎదుర్కోవడంలో తొలి అడుగు విజయవంతమైందని ప్రకటించాడు.

బృందం వచ్చిన రోజు వాన రాలేదు. గాలి వచ్చింది. ఎర్రమట్టి లేచింది. ఎర్రదొడ్డి చేరేసరికి షీట్ల మీద దుమ్ము పేరుకుని, లోపలివాళ్లకు ముందుపోయే బండి కూడా కనపడలేదు. ఖాజా చేనుగట్టు దగ్గర బండ్లు ఆగాయి. పక్కచేను లింగప్ప తలగుడ్డ విప్పి షీటు తుడవబోయాడు.

"ఏమప్పా, ఒట్టిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ఇంగ ఎప్పటికీ ఏమీ అగపడదు. నీళ్లు పోసి కడగాల," అన్నాడు ఖాజా.

"నీళ్లా? యాడుండాయన్నా?"

"ఇండ్లల్లో దాచిపెట్టినవి తేండప్పా. వీళ్లు చూడకుండా పోతే ఆ నీళ్లు దాచుకోని ఏం జేస్తాం?"

ట్యాంకరు నీళ్లతో బియ్యం కడిగి, ఆ కడుగును పశువులకు పోసే ఊరది. ఆడవాళ్లు బిందెలు తెచ్చారు. అమీర్ బీ ఆవు ముందున్న బకెట్టు తెచ్చింది. ఆవు బకెట్టు వెంట వచ్చింది.

"దానికి తాగేకి?" అన్నాడు ఖాజా.

"జాబితాలో చేరినాక తాగుతాదిలే."

కడిగారు. గాలి మళ్లీ దుమ్ము చల్లింది. మళ్లీ కడిగారు. షీటు తేటపడ్డాక బృందం బయటికి చూసింది. బిందెలకు బిందెలు నీళ్లు కుమ్మరిస్తున్న ఆడవాళ్లు కనపడ్డారు. ఖాజా పరుగున వచ్చి జిప్పు తీశాడు.

"సార్, ఒక్కసారి దిగి చేను చూడండి సార్."

బృందం పెద్ద ఒక కాలు బయట పెట్టాడు. కింద బురద. కాలు లోపలికి తీసుకుని, కూర్చున్నచోటి నుంచే ప్రసంగించాడు. "మీ జల ఔదార్యం చూసి ముగ్ధులమయ్యాం. ఇంత నీటి మధ్య ఉండి కూడా మీరు కరువును మరిచిపోలేదు. ఆ స్ఫూర్తిని నిలుపుకోండి."

"సార్, అది మేం తాగే..." అన్నాడు ఖాజా. జిప్పు మూసుకుంది. ఆ తలుపుల్లోంచి గాలే దూరదు, మాట ఎలా దూరుతుంది? కుట్టిన చేయి అలాంటిది.

క్షేత్రమంతా బురదగా ఉన్నందువల్ల దిగలేకపోయామని, నేలలో తేమ తృప్తికరంగా ఉందని, వాన తలుపులు తమ సత్తా నిరూపించుకున్నాయని బృందం నివేదిక ఇచ్చింది. మండలం పేరు జాబితాలో లేదు. ఖాజాకు ప్రశంసాపత్రం వచ్చింది. ఒక పత్రిక ఫొటో వేసింది. అందులో అమీర్ బీ బకెట్టు ఎత్తి పోస్తోంది. కింద 'కరువు సీమలో జలకళ' అని రాశారు. పక్కన నిలబడ్డ ఆవును చోటు చాలక కత్తిరించారు.

గోనెసంచులు కూడా అయిపోయాక ఖాజా ఆవును సంతకు తోలుకుపోయాడు. బేరగాడు ఒకడు దాని పళ్లు చూశాడు, పొదుగు చూశాడు, ఊరేదని అడిగాడు.

"ఎర్రదొడ్డి."

"పేపర్లో వచ్చిన ఊరేనా? బండ్లు కడిగేన్ని నీళ్లు పెట్టుకోని ఆవునెందుకు అమ్ముతాండావు? దీనికేదో రోగముండాది."

"రోగం గాదన్నా, ఆకలి. పక్కటెముకలు చూడు. అగపడలేదా?"

జనం మూగారు. అందరూ ఆ పత్రిక చదివినవాళ్లే. వాళ్లలో ఒకాయన, మీలాగా నాలాగా రోజూ పత్రిక చదివే మనిషి, వెనక నుంచి తీర్పు చెప్పాడు.

"పేపర్లో చూసినాక ఇంగ ఎముకలు చూసేదేముండాదప్పా?"