కిటికీలోంచి కనిపించిన ఖర్చు

ప్రభుత్వ ఖర్చు పెరిగిపోతోందని ఎవరైనా వాపోతే నాకు ఒళ్ళు మండుతుంది. పెరగనివ్వండి! పసిపిల్ల పెరిగితే మురిసిపోతారు. పెరట్లో పాదు పెరిగితే పందిరి వేస్తారు. ప్రభుత్వం పెరిగితే మాత్రం ఆ ఏడుపు మొహాలెందుకు?

మీరే ఆలోచించండి. కాగితం మీద ముద్ర వెయ్యడానికి ఒక్కరే ఉంటే, ఆయన సెలవు పెట్టిన రోజు మీ గతేమిటి? అందుకే ముద్ర వేసేవారొకరు, సిరా చూసేవారొకరు, ఆ సిరా ఆరిందని సంతకం పెట్టేవారొకరు ఉండాలి. ముగ్గురూ ఒకేసారి సెలవు పెడితేనో అంటారా? అది వేరే సంగతి. దాన్ని చూసుకోవడానికి సెలవుల విభాగం ఉంది.

నడక ఒంటికి మంచిదని డాక్టర్లు ఫీజు తీసుకుని చెబుతారు. మన ఆఫీసులు అదే నడకను ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి ఉచితంగా చేయిస్తాయి. క్యూలో పరిచయమై, ఆ క్యూ కదిలేలోగా వియ్యమందుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఇంత మేలు చేసేదాన్ని చిన్నది చెయ్యాలనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?

మా మేనమామకు వచ్చింది.

మామయ్యకు ఫర్నిచర్ షాపుంది. మనిషి మంచివాడే కానీ, పేపర్లో బడ్జెట్ వార్త చదివిన రోజు ఆయనకు అన్నం సహించదు. అందుకని 'చిన్న ప్రభుత్వ సాధన సంఘం' అని ఒకటి పెట్టి, దానికి తనే అధ్యక్షుడయ్యాడు. సభ్యులు ముగ్గురు. ప్రభుత్వ పింఛను తీసుకునే హెడ్మాస్టారు, ప్రభుత్వ ఫారాలు అచ్చువేసే ప్రెస్సాయన, ప్రభుత్వం తరఫున కేసులు వాదించే ప్లీడరమ్మ. ప్రతి ఆదివారం పొద్దున్నే ప్రభుత్వ గ్రంథాలయంలో, ప్రభుత్వ ఫ్యాను కింద సమావేశమవుతారు. ఆదివారం సెలవే అయినా, సంఘం కోసం గ్రంథాలయం ఆవిడ వచ్చి తలుపు తీసి వెళుతుంది. జరిగింది రాసుకోవడానికి ఓ మూల నేను కూర్చుంటాను.

ఖర్చు తగ్గించమని ఇరవై ఏళ్ళలో మామయ్య నలభై మూడు అర్జీలు పెట్టాడు. ప్రభుత్వం ఒక్కదాన్నీ చిన్నచూపు చూడలేదు. వాటి కోసమే ప్రత్యేకంగా అర్జీల విభాగం తెరిచింది. అందులో ముగ్గురు ఉద్యోగులు. మొదటివారు అర్జీ తీసుకుంటారు. రెండోవారు దాన్ని పుస్తకంలో రాస్తారు. రెండోవారు రాశారని మూడోవారు ఇంకో పుస్తకంలో రాస్తారు.

నలభై నాలుగో అర్జీకి మాత్రం జవాబొచ్చింది. 'మీ అభిప్రాయంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాం. మీ వార్డులో అనవసరమైన ఉద్యోగం ఒకటి సూచించండి. వెంటనే రద్దు చేస్తాం.'

మామయ్య గుండెల్లో రాయి పడింది. ఇరవై ఏళ్ళుగా తోస్తున్న తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంటే బోర్లా పడేది తోసేవాడే కదా. ఆ ఆదివారం ఆయన ఉత్తరం సంఘానికి చదివి వినిపించాడు.

"గ్రంథాలయం ఆవిడ్ని తీసెయ్యమందామా?" అన్నారు హెడ్మాస్టారు, అటూ ఇటూ చూసి.

"మరి ఆదివారాలు మనకు తలుపెవరు తీస్తారండీ?" అంది ప్లీడరమ్మ.

"పోనీ, పన్నుల కౌంటర్లో ఫారాలిచ్చే గుమాస్తా?" అన్నారు హెడ్మాస్టారు.

ప్రెస్సాయన అడ్డుపడ్డాడు. "ఆయన చాలా అవసరమండీ. ఒక్క ఫారం చాలే చోట మూడు నింపిస్తాడు. ఆయన పోతే జనానికి క్రమశిక్షణ పోతుంది."

"కుర్చీల తనిఖీదారు?" అంది ప్లీడరమ్మ. ఆఫీసుల్లో ఏ కుర్చీ ఊగుతోందో చూసి, దాన్ని పారేసి కొత్తది కొనమని రాసే అధికారి ఆయన.

"ఆయన జోలికెళ్ళకండి. మనుషులు కిందపడతారు. నడుములు విరుగుతాయి," అన్నాడు ఆ ఆఫీసులకు కుర్చీలమ్మే మామయ్య.

అర్జీల విభాగం మాట వచ్చినప్పుడు నేనే లేచి నిలబడ్డాను. అర్జీల్లేని ప్రజాస్వామ్యం ఉప్పులేని కూర లాంటిదని మనవి చేసుకున్నాను. మామయ్య ఆలోచించి ఆ మాటా నిజమేనన్నాడు.

గంట గడిచింది. పేరెత్తిన ప్రతి ఉద్యోగం వెనకా ఆ గదిలో ఎవరో ఒకరున్నారు. ఇక ఒకరి మొహం ఒకరు చూసుకోలేక, నలుగురూ కిటికీ వైపు తిరిగారు. బయట రోడ్డు మీద నీళ్ళాయన కనిపించాడు.

మా వీధి బాగా ఏటవాలు. పై కొసన మామయ్య ఇల్లు, కింది కొసన ప్రెస్సు. మధ్యలో గ్రంథాలయానికి ఎదురుగా రోడ్డులో ఒక ఇనప మూత, దాని కింద నీళ్ళ వాల్వు ఉంటాయి. రోజూ పొద్దున్నే నీళ్ళాయన పొడుగాటి ఇనప రాడ్డు భుజాన వేసుకుని వచ్చి, మూత తీసి, గొంతుక్కూర్చుని వాల్వు తిప్పుతాడు. ఎన్ని చుట్లు తిప్పాలో, ఎంతసేపు ఆగాలో ఎక్కడా రాసి లేదు. పైపు మీద అరచెయ్యి ఆనించి చూసుకుని ఆపుతాడు. పై ఇళ్ళకూ కింది ఇళ్ళకూ బకెట్టు తేడా లేకుండా నీళ్ళొస్తాయి.

మామయ్య అటు చెయ్యి చూపించాడు. "రోజుకు గంటన్నర పని. ఒక రాడ్డు తిప్పడం. అది ఎవరైనా చెయ్యొచ్చు."

అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. తీర్మానం ఏకగ్రీవమైంది. సంఘం చరిత్రలో ఇదే మొదటి విజయమని హెడ్మాస్టారు తన పింఛనులోంచి అందరికీ టీ తెప్పించారు.

నాలుగో రోజుకే ఉత్తర్వు వచ్చింది. ఆ సాయంత్రం నీళ్ళాయన మామయ్య షాపుకొచ్చాడు. రాడ్డు గుమ్మం బయట ఆనించి లోపలికొచ్చి, చుట్టూ అన్ని కుర్చీలున్నా నిలబడే ఉన్నాడు.

"నా ఉద్యోగం తీసేశారండీ. పింఛనుకు ఇంకా రెండేళ్ళుంది. మీరు రాస్తే పైవాళ్ళు వింటారంటున్నారు. నాకో అర్జీ రాసిపెడతారా?"

మామయ్యకు తలెత్తడానికి మొహం చెల్లలేదు. "చూద్దాంలే," అన్నాడు. ఆ మాట ఆఫీసుల్లో రోజుకు వందసార్లు అలవోకగా అంటారు. మామయ్యకు ఒక్కసారి అనేసరికే చొక్కా తడిసింది.

మర్నాడు పొద్దున, ఎవరైనా చెయ్యొచ్చన్న ఆ పెద్దమనిషే, నీళ్ళాయన గుమ్మం దగ్గర వదిలేసిన రాడ్డు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నాడు. పదిహేను చుట్లు తిప్పాడు. తన ఇంటి మీద అభిమానం కొద్దీ ఇంకో రెండు తిప్పాడు. నీళ్ళన్నీ పల్లానికి పరుగెత్తి ప్రెస్సులో మోకాళ్ళ లోతున నిలిచాయి. ఫారాల కట్టలు నానిపోయాయి. పైన మామయ్య ఇంట్లో కుళాయి బుస్సుమని గాలి వదిలి ఊరుకుంది. మూడో రోజు హెడ్మాస్టారు నల్లబల్ల మీద సూత్రం కట్టి ఇచ్చారు. ఆ సూత్రం ప్రకారం తిప్పితే ఎవరికీ నీళ్ళు రాలేదు.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటుందా? సమస్యను అధ్యయనం చెయ్యడానికి ఐదుగురు అధికారులు, ఒక జీపు, దానికో డ్రైవరు దిగారు. వాళ్ళకు కుర్చీలు మామయ్య షాపులోనే కొన్నారు. రాడ్డు తిప్పే అధికారం మాత్రం ఐదుగురిలో ఎవరికీ లేదు, ఆ పోస్టు రద్దయింది కాబట్టి. ఒక్కరిని తీసేస్తే ఆరుగురికి పని దొరికింది, గమనించారా? పొదుపు చేసినా పెరిగే ప్రభుత్వాన్ని మనం చేతులెత్తి మొక్కాలి!

పదో రోజు పొద్దున అత్తయ్య ఖాళీ బకెట్టు తెచ్చి మామయ్య ముందు పెట్టింది.

"మీరు అడిగిన చిన్న ప్రభుత్వం ఇందులో ఉందండీ. చూసుకోండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

మామయ్య తెల్లకాగితం తీసుకుని ఏదో రాశాడు, చెప్పులేసుకున్నాడు, నన్ను వెంటబెట్టుకుని నీళ్ళాయన ఇంటికి బయల్దేరాడు. ఒంటిగది ఇల్లు. నీళ్ళాయన మాకు మంచం చూపించి తను గుమ్మంలో కూర్చున్నాడు.

"నీకు అర్జీ రాసుకొచ్చాను. కానీ ముందు ఒక మాట చెప్పాలి. నిన్ను తీసెయ్యమని రాసింది నేనే."

"తెలుసండీ. ఆ రోజు కిటికీలోంచి మీరు నా వైపు చెయ్యి చూపించారుగా. చూశాను."

"తెలిసి కూడా నా దగ్గరకెందుకొచ్చావయ్యా?"

"మీరు తీసెయ్యమన్నారు, నాలుగు రోజుల్లో తీసేశారు. మీకన్నా పలుకుబడి ఉన్నవాళ్ళు నాకింకెవరు తెలుసండీ?"

అందులో వెటకారం ఏమీ లేదు. నిజంగానే అడిగాడు. మామయ్య కళ్ళు తుడుచుకున్నాడు. బడ్జెట్ వార్తలకు కాకుండా ఇంకో కారణానికి ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

నలభై ఐదో అర్జీకీ జవాబొచ్చింది. 'సదరు వాల్వు ఉద్యోగిని తిరిగి తీసుకోవడానికి అభ్యంతరం లేదు. అయితే ప్రభుత్వం చిన్నదిగా ఉండాలని కోరింది తమరే కనుక, బదులుగా రద్దు చెయ్యవలసిన ఉద్యోగం ఒకటి సూచించండి.'

మళ్ళీ ఆదివారం వచ్చింది. మామయ్య లోపలికొస్తూనే కిటికీ మూసి గడియ పెట్టాడు.

"ఈసారి ఈ గదిలోంచే చెప్పాలి," అన్నాడు.

హెడ్మాస్టారు నేల చూపులు చూశారు. ప్రెస్సాయన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. మామయ్య చూపు అందరి మీదా తిరిగి, తను అమ్మిన కుర్చీల మీద కాసేపు ఆగి, చివరికి మూలనున్న నా మీద నిలిచింది.

పాఠకులకు ఒక చిన్న సంగతి చెప్పడం మరిచాను. అర్జీల విభాగంలో ఆ మూడో ఉద్యోగి నేనే.

"ఒరేయ్, నువ్వు రోజూ ఆఫీసులో ఏం చేస్తావురా?" అని అడిగాడు మామయ్య.

ఆలోచించి చెబుతానన్నాను. నేను ఆలోచించేలోగా ప్లీడరమ్మ తీర్మానం రాసేసింది.

ఇప్పుడు నీళ్ళాయన మళ్ళీ రాడ్డు తిప్పుతున్నాడు. కుర్చీల తనిఖీదారు క్షేమం. ఐదుగురు అధికారులూ క్షేమం, సమస్య ఎలా పోయిందో అధ్యయనం చేస్తున్నారు. అందుకే అంటున్నాను, ప్రభుత్వం ఇంకా పెరగాలి. ఎక్కువ వద్దు, ఒక్క సీటు పెరిగితే చాలు.

ఉద్యోగం పోయినందుకు నాకు పెద్ద బాధ లేదు. నీళ్ళాయన్ని తీసేసిన మర్నాడే వీధి వీధంతా బకెట్లు పట్టుకుని రోడ్డెక్కింది. నన్ను తీసేసి ఆరు నెలలైంది. ఇంతవరకూ ఎవరూ గమనించలేదు, నా విభాగంలో మిగిలిన ఆ ఇద్దరితో సహా.