నిస్సందేహంగా క్షేమం

లోకంలో దేని ఆయుష్షయినా చెప్పలేకపోవచ్చు గాని, ఇనుము ఆయుష్షు చెప్పడంలో ఆయుర్నిర్ణయ శాఖ ఇంతవరకూ పొరబడింది లేదు. (పొరబాటు జరిగిన చోట అది ఇనుముదేనని రికార్డయింది.)

ఆ శాఖలో లిఫ్టుల విభాగం చూసే ఇంజనీరమ్మకి ఈ మాట మీద చాన్నాళ్లు గురి ఉండేది. పద్ధతి సులువు. ప్రయోగశాలలో నున్నటి ఇనుప కడ్డీని అటూ ఇటూ వంచుతూ పోతారు. ఒకసారి వంచితే దానికేం కాదు. వంచగా వంచగా అలిసిపోయి ఎప్పటికో విరుగుతుంది. అదే దాని ఆయుష్షు. దాన్నే ఊళ్లో లిఫ్టుల తాళ్లని లాగే ఇనుప ఇరుసులకి, అంటే షాఫ్టులన్నిటికీ, ఉదారంగా పంచిపెడతారు. షాఫ్టు మీద గాటుంటే ఒత్తిడంతా అక్కడే పోగుపడి, పగులు అక్కడే మొదలై, ఆయుష్షు సగానికి సగం హరించుకుపోతుందని ఆవిడ చదువుకుంది. కానీ శాఖ లెక్కలో గాట్లు లేవు. ఉండకూడదని నిబంధన ఉంది కనుక, లేవు.

లేవని చూడ్డానికి ఒక ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. పెద్దాయన, పనిలో వంక పెట్టలేం. షాఫ్టు అంతా వేలితో తడిమి, గాటన్నదే లేదని తేల్చుకున్నాక, అందరికీ కనబడేలా నట్టనడుమ ఉక్కు అక్షరాల పంచ్ పెట్టి, సుత్తితో కొట్టి, 'క్షేమం' అని లోతుగా ముద్ర దింపుతాడు. మళ్లీ తనిఖీకి మళ్లీ క్షేమం, దాని పక్కనే.

ఇంజనీరమ్మ వాళ్లమ్మ ఉండే భవనంలో లిఫ్టు షాఫ్టు చుట్టూ క్షేమమే. అమ్మది పై అంతస్తు; మోకాళ్లు మెట్లకి పనికిరావు. ఆ ముద్రలన్నిటినీ గాట్లుగా పట్టి కూతురు లెక్క వేసుకుంది. శాఖ లెక్కలో ఆ షాఫ్టు తను రిటైరయ్యాక కూడా తిరుగుతుంది. తన లెక్కలో ఈ వానాకాలం దాటదు.

"ముద్ర కొట్టిన చోటే విరుగుతుంది సార్," అంది పెద్దాఫీసరుతో.

"ముద్ర గాటెలా అవుతుందమ్మా? గాటంటే అనుమతి లేకుండా పడేది," అన్నాడాయన, టీ చల్లారకుండా గ్లాసు మీద మూత పెట్టుకుంటూ. "నీ లెక్క ప్రకారం తనిఖీ ఎక్కువయ్యేకొద్దీ ప్రమాదం ఎక్కువ. అలాంటి అర్థాలు వచ్చే లెక్కలు మనకెందుకు చెప్పు?"

ఇన్‌స్పెక్టర్ని బతిమాలింది. "కనీసం రంగుతో వెయ్యండి బాబాయ్‌గారూ. మీకు పుణ్యముంటుంది."

"రంగు చెరిగిపోతుంది తల్లీ. క్షేమమన్నాక శాశ్వతంగా ఉండొద్దూ?"

ఇక మిగిలింది అమ్మ. "ఆ లిఫ్టు ఎక్కకమ్మా. కొన్నాళ్లు మా ఇంటికి వచ్చెయ్."

"రావాలన్నా లిఫ్టులోనే కదే దిగాలి! అయినా అన్నిసార్లు క్షేమమని కొట్టి వెళ్లారట, ఈ వీధిలో దానికున్న పేరు ఇంకో లిఫ్టుకి లేదు. చిన్నప్పట్నుంచీ నువ్వింతే, ప్రతిదానికీ హడలి చస్తావ్."

ఇంజనీరమ్మ తెగించి పైవాళ్లకి రాసింది. శాఖ వెంటనే కదిలింది. (పాఠకులు నమ్మకపోవచ్చు గాని కదిలింది.) ప్రత్యేక తనిఖీకి ఆదేశాలొచ్చాయి. ఒకసారి అనుమానం పుట్టాక మామూలు ముద్ర చాలదు కనుక, ఇన్‌స్పెక్టర్ చెమటలు కక్కుతూ, పెద్ద అక్షరాలతో, 'నిస్సందేహంగా క్షేమం' అని దింపాడు.

షాఫ్టు సరిగ్గా 'నిస్సందేహంగా' దగ్గర విరిగింది. లిఫ్టు కొంత జారి, అత్యవసర బ్రేకు పట్టుకుని, రెండంతస్తుల మధ్య ఆగింది. లోపల అమ్మ ఉంది. కూతురి పోరు పడలేక, ఆమె ఇంటికే వెళ్దామని సంచి సర్దుకుని బయల్దేరింది. కాలు విరిగింది.

ఇచ్చిన ఆయుష్షును పూర్తిగా వాడుకోకుండా షాఫ్టు తొందరపడిందని విచారణలో తేలింది.

ఇన్‌స్పెక్టర్ పళ్లు పట్టుకుని ఆసుపత్రికొచ్చాడు. ఎంతైనా మనసున్న మనిషి. ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లని కూడా తనిఖీ చెయ్యాలట. అమ్మ కాలికున్న సిమెంటు కట్టుని పైనుంచి కిందిదాకా వేలితో తడిమి, తృప్తిగా తలాడించి, సంచిలో చెయ్యి పెట్టాడు.

ఇంజనీరమ్మ చివాల్న లేచి అడ్డం నిలబడింది. "సుత్తి తీశారంటే ఊరుకోను!"

"అయ్యయ్యో, సుత్తెందుకు తల్లీ?" అంటూ ఆయన రబ్బరు స్టాంపు తీసి, సిరాలో అద్ది, కట్టు మీద 'క్షేమం' అని సుతారంగా నొక్కాడు. "విరిగేవాటికి మేమెప్పుడూ రంగే వాడతాం."