బిగించండి... వదిలెయ్యండి!

పడిపోతానేమో అన్న భయమంత గొప్ప వరం ఇంకోటి లేదు! మీ ఇంట్లో వయసు మళ్లినవాళ్లుండీ, వాళ్లకింకా ఆ భయం పట్టుకోలేదంటే మీరు దురదృష్టవంతులే. మా ఇంటికి ఆ అదృష్టం మా అత్తగారి రూపంలో వచ్చింది.

నవ్వకండి. చదువు మధ్యలో మానేసినదాన్ని కాబట్టి లెక్చర్లివ్వను. కళ్లతో చూసిందే చెప్తాను.

ఒకరోజు అత్తయ్య స్నానాలగదిలో కాలు జారబోయి, కుళాయి పట్టుకుని నిలదొక్కుకున్నారు. ఆవిడ పడలేదు, కుళాయే ఊడింది! అప్పట్నుంచి ఆవిడ దేన్నో ఒకదాన్ని పట్టుకోందే నిలబడరు. హాలు దాటాలంటే ఆవిడ ఎడమచెయ్యి గోడ మీద, కుడిచెయ్యి నా భుజం మీద. నా చంకలో పాప, పాప గుప్పిట్లో నా జుట్టు. ఊరేగింపులా కదులుతాం. జిమ్‌కెళ్లి బరువులెత్తేవాళ్లకు ఈ యోగం ఉందా?

ఇంకా ఎన్ని లాభాలో! నేల తడిగా ఉండకూడదని తడిగుడ్డ పెట్టడం మానేశాను. కాలికి అడ్డమని టీపాయ్ మా మంచం ఎక్కింది. మంచం మీద టీపాయ్ ఉంది కనుక మా ఆయన కుర్చీలో నిద్రపోతున్నారు. ఉన్న ఒక్క కుర్చీలో ఆయన ఉన్నారు కనుక చుట్టాలు నిలబడే మాట్లాడి, నిలబడే వెళ్లిపోతున్నారు. టీ పొడి ఎంత మిగులుతోందనీ!

ఒక్కటే లోటు. అత్తయ్య తలుపేసుకుని స్నానం చెయ్యడం మానేశారు. తలుపు బార్లా తెరిచి, నేను లోపల గోడవైపు తిరిగి నిలబడాలి, ఆవిడ చెయ్యి నా భుజం మీదుండాలి.

"ఇన్నేళ్లు బతికి, ఇప్పుడు జనం మధ్య స్నానం చెయ్యాల్సొచ్చిందే అమ్మాయ్!"

"జనమెక్కడత్తయ్యా? నేనొక్కదాన్నేగా!"

అప్పుడే గడప దగ్గర కూర్చున్న పాప చప్పట్లు కొట్టింది. అత్తయ్య నవ్వలేదు. కళ్లలోకి సబ్బు పోయిందన్నారు. సబ్బింకా పెట్టెలోనే ఉంది.

గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి బిగిస్తే సరిపోదా అంటారు మీరు. అయ్యో, మీరెంత పాతకాలం మనుషులండీ! కడ్డీ ఎప్పుడో కొన్నాం. బీరువా మీద అట్టపెట్టెలో విశ్రాంతి తీసుకుంటోంది. పైగా గోడలకు బిగించడమే మా ఆయన వృత్తి. టీవీలు, అద్దాలు, కర్టెన్ రాడ్లు! ఆయన డ్రిల్లు మిషను చిల్లు పెట్టని గోడ లేదు, మా ఇంట్లో గోడలు తప్ప. అడిగితే "రేపు" అంటారు. ఇంకెవర్నయినా పిలుద్దామంటే, "నా ఇంటి గోడకు ఇంకోడు చిల్లు పెడితే నా పరువేం కావాలి? అయినా భయం మనసులో ఉంటుందే, గోడలో కాదు" అని, రిలాక్సేషన్ వ్యాయామాలు నేర్పే అమ్మాయిని పిలిపించారు.

మంచి పిల్ల. మెత్తటి గొంతు. అత్తయ్యను పడుకోబెట్టి మొదలుపెట్టింది.

"గుప్పిళ్లు బిగించండి ఆంటీ... ఇప్పుడు వదిలెయ్యండి. భుజాలు బిగించండి... వదిలెయ్యండి."

బిగించడంలో అత్తయ్యకు నూటికి నూరు. వదలడం దగ్గరే పేచీ.

"వదిలేస్తే పడిపోనూ?"

"పడుకునే ఉన్నారుగా ఆంటీ!"

"మంచం మీంచి పడినవాళ్లు లేరా ఏంటి?"

ఆవిడ గుప్పిట్లో ఉన్నది నా చెయ్యి. ఆ అమ్మాయి వదిలెయ్యమన్నప్పుడల్లా నా వేళ్లు ఇంకాస్త నలిగేవి.

అలాగని వ్యాయామం పనిచెయ్యలేదంటే ఒప్పుకోను! పక్కన కుర్చీలో కూర్చున్న మా ఆయన మీద అమోఘంగా పనిచేసింది. మొదటి "వదిలెయ్యండి"కే తల వాలింది, రెండోదానికి గురక. దిగుళ్లన్నీ వదిలేశారు. అన్నిటికంటే ముందు కడ్డీ సంగతి వదిలేశారు.

"మీ అబ్బాయిని చూడండి ఆంటీ, ఎంత హాయిగా ఉన్నారో!"

"వాడు పుట్టినప్పట్నుంచీ హాయిగానే ఉన్నాడు తల్లీ. లేనిది మేమే."

మొన్న ఆ అమ్మాయికి జలుబు చేసింది. మెత్తటి గొంతు పోయి, మేస్త్రీ గొంతు వచ్చింది. ఆ గొంతుతోనే, "ఊఁ, గట్టిగా బిగించండి!" అంది.

గురక ఠక్కున ఆగింది. మా ఆయన కళ్లు మూసుకునే లేచి నిలబడి, "ఎక్కడ బిగించమంటారు మేడమ్?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య మంచం మీంచి అచ్చం కస్టమర్‌లా అందుకున్నారు.

"స్నానాలగదిలో బాబూ. కుడివైపు, నా నడుమెత్తున. వదులుగా ఉంటే ఊరుకోను."

"అలాగే మేడమ్."

డ్రిల్లు మోత మొదలైంది. సగం పనయ్యాక ఆయనకు పూర్తి మెలకువ వచ్చి, గోడ ఎవరిదో గుర్తుపట్టారు. కానీ పని మధ్యలో ఆపితే పేరు పోతుందట, పూర్తిచేశారు.

అత్తయ్య కడ్డీని లాగి చూశారు. పట్టుకుని ఊగి చూశారు. తర్వాత నా భుజం మీంచి చెయ్యి తీసి, అదే చేత్తో నన్ను బయటికి నెట్టారు. లోపల గడియ పడింది.

నేను తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. నీళ్ల చప్పుడు ఆగితే నా గుండె ఆగింది.

"అత్తయ్యా, ఉన్నారా?"

"ఉండక ఎక్కడికి పోతానే? నీ భుజానికి కాస్త నూనె రాసుకోపో!"

ఇప్పుడు మా ఆయన కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నారు. రిలాక్సేషన్ వ్యాయామాలు అద్భుతమట! వాళ్లమ్మ భయం చేత్తో తీసేసినట్టు పోయిందట! కడ్డీ సంగతి ఆయన ఎత్తడం లేదు, నేనూ ఎత్తడం లేదు. మీరూ ఎత్తకండి. ఒక వైద్యం ఇంత బాగా పనిచేస్తుంటే మధ్యలో గోడ ప్రస్తావన ఎందుకు?

నిన్న ఆ అమ్మాయి సంబరంగా వచ్చింది.

"ఇప్పుడు ఊపిరి హాయిగా ఆడుతోందా ఆంటీ?"

"బ్రహ్మాండంగా ఆడుతోంది తల్లీ," అన్నారు అత్తయ్య తడిజుట్టు తుడుచుకుంటూ, "తలుపేసుకున్నాక."