బియ్యం డ్రమ్ము పక్కన సర్వరు

ప్రతి ఇంట్లోనూ ఒక చాట్ సర్వరు ఉండి తీరాలి. ఫ్రిజ్ లేకపోతే సర్దుకోవచ్చు, కుండలో నీళ్లు చల్లగానే ఉంటాయి. సర్వరు లేని కొంపను మాత్రం నేను ఇల్లు అనను!

మాది పటమట. మా సర్వరు ఒక పాత కంప్యూటరు, వంటింట్లో బియ్యం డ్రమ్ము పక్కన ఉంటుంది. అందులో ఐఆర్‌సీ నడుస్తుంది. ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తున్నాను, పాతికేళ్ల కిందట నెట్ సెంటర్లలో మనం చాటింగ్ చేసుకున్నది దాంట్లోనే. అక్షరాలు కొడితే అక్షరాలే వెళ్తాయి. ఫొటో వెళ్లదు, వీడియో వెళ్లదు. గులాబీ పువ్వు మీద శుభోదయం అసలే వెళ్లదు. ఇంతకన్నా వరం ఏం కావాలండీ?

పైగా మన మాటలు మన ఇంట్లోనే ఉంటాయి. ఏ పరాయి దేశపు కంపెనీ గోడౌన్లోనో మన కబుర్లు మగ్గడం దేనికి? మా ఆవిడ శాంతకుమారి శుక్రవారం గడపతో పాటు సర్వరుకూ పసుపు రాసి బొట్టు పెడుతుంది. ఏ కంపెనీ పెడుతుంది చెప్పండి? ఒకసారి గాలి కన్నాల్లోకి పసుపు పోయి రెండు రోజులు పలకలేదనుకోండి, అది వేరే సంగతి.

నిజానికి చెడిపోవడమే దాని అసలు సుగుణం. బెజవాడ ఎండకు వేడెక్కి ఆగేది. కరెంటు పోతే ఆగేది. పచ్చడి రుబ్బాల్సి వస్తే శాంతకుమారి దాని ప్లగ్గు పీకి మిక్సీ ప్లగ్గు పెట్టేది. ఆగినప్పుడల్లా అష్ఫాక్ గారు వచ్చేవారు.

పాతికేళ్ల కిందట గవర్నర్‌పేటలో నెట్ సెంటరు నడిపింది ఆయనే. లెక్కల మాస్టారినైన నాకు మౌసు పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. ఇప్పుడు వన్ టౌన్‌లో రిపేరు షాపు, దాని మీదే ఇల్లు. సర్వరు ఆగిందని తన ఫోన్ కుయ్‌మంటే చాలు, స్కూటరెక్కేవారు. పది నిమిషాలు రిపేరు, రెండు గంటలు కబుర్లు. శాంతకుమారి పెసరట్టు వేస్తే రిపేరు ఇంకో గంట సాగేది.

మాటిమాటికీ ఆగడం ఆయన పనితనానికి నామోషీ అనిపించింది కాబోలు. యూపీఎస్ పెట్టారు. ఆగితే తనంతట తానే లేచే టూలు వేశారు. ఆపైన బౌన్సర్ అని ఇంకో టూలు. మనం లేనప్పుడు మన పేరుతో చాట్ గదిలో కూర్చుని, ఎవరేమన్నారో రాసిపెడుతుంది. ఎంత సౌకర్యం! మా గదిలో అష్ఫాక్ గారితో కలిపి ఆరుగురం. ఆరుగురమూ ఇరవై నాలుగ్గంటలూ హాజరే. పేరంటానికి అందరూ పనిమనుషుల్ని పంపినట్టు, ఆరు బౌన్సర్లూ అక్కడ కూర్చుని ఉన్నాయి.

ఓ ఆదివారం "ఉన్నారా?" అని కొట్టాను. ఐదు బౌన్సర్లూ రాసిపెట్టుకున్నాయి. ఇప్పటికీ భద్రంగా ఉంది.

సర్వరు నాలుగు నెలలు ఆగలేదు. క్రమశిక్షణ అంటే అదీ! అష్ఫాక్ గారు కూడా నాలుగు నెలలు రాలేదు. ఫోన్ చేయొచ్చుగా అంటారు మీరు. సొంత సర్వరు పెట్టుకున్నవాడు ఫోన్ చేస్తే పరువుంటుందా?

మొన్న రైతుబజార్లో ఆయన భార్య నసీమా గారు శాంతకుమారికి కనిపించారు. ఆయనకు కంటి ఆపరేషన్ అయి మూడు వారాలైందట. మాస్టారు రాలేదేమని రెండుసార్లు అడిగారట. నేను వెళ్లి స్క్రీన్ చూశాను. ఆ మూడు వారాలూ ఆయన పేరు గదిలో నిక్షేపంగా ఉంది. నాకు సిగ్గేసింది.

ఇన్నాళ్లకు ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఆలోచించి సర్వరు ప్లగ్గు పీకాను. పసుపు బొట్టుతో సహా దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆటోలో వన్ టౌన్ వెళ్లాను. సర్వరు పాడైందండీ అన్నాను.

నల్ల కళ్లద్దాలతో ఉన్న అష్ఫాక్ గారు దాన్ని చేత్తో తడిమి, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశారు. అది చక్కగా లేచి కూర్చుంది. ఆయన నావైపు చూశారు. మళ్లీ స్విచ్చి ఆపేశారు.

"పెద్ద ఫాల్టే మాస్టారూ. ఇక్కడే ఉంచండి. మీరు మాత్రం రోజూ వచ్చి చూసుకోవాలి."

నసీమా గారు టీ తెచ్చారు. ఫాల్టు ఊసు ఆ పూట మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు.

అందుకే చెప్తున్నాను, తప్పకుండా ఒక సర్వరు పెట్టుకోండి. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి: సరిగ్గా పనిచేసేది మాత్రం కొనకండి.