తమ్ముడి పది, అక్క తొమ్మిది

ఆ రోజు ఇంట్లో నాన్న, అమ్మ, నాన్నమ్మ, రెండు నెలల తమ్ముడు ఉన్నారు. అక్క కూడా ఉంది గాని, నీళ్ళు మోసేవాళ్ళని మనుషుల లెక్కలో కలపడం ఆ ఇంటి ఆనవాయితీ కాదు.

నాన్న లెక్కల మాస్టారు. ఏ అంకె చూసినా ఆయనకి మార్కుల్లాగే కనిపిస్తుంది. ఉదయం ఆసుపత్రిలో పిల్లలిద్దరికీ రక్తపరీక్ష చేశారు. పుట్టినప్పుడు పదిహేడున్న తమ్ముడి హిమోగ్లోబిన్ పదికి దిగింది. అక్కది తొమ్మిది. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పసిపిల్లలకి రెండో మూడో నెలలో అలా తగ్గడం మామూలే, దానంతటదే పెరుగుతుంది. పదిహేనేళ్ళ పిల్లకి మాత్రం పన్నెండుండాలి, ఈ ఐరన్ మాత్రలు ఆమెకే.

నాన్న శ్రద్ధగా తలూపి, ఇంటికొచ్చి తీర్పిచ్చాడు.

"ఏడు మార్కులు పోగొట్టుకున్నాడు వెధవ. పెద్దదంటారా, దానివెప్పుడూ అత్తెసరు మార్కులే, కొత్తేముంది?"

"పదికీ తొమ్మిదికీ ఒక్కటేగా తేడా," అంది నాన్నమ్మ. "తమ్ముడికన్నా ఒకటి తగ్గి ఉండటం ఆడపిల్లకి అణకువ."

"మాత్రలు దీనికన్నారు కదండీ," అని అమ్మ నసిగింది.

"ఆ డాక్టరమ్మకేం, చెప్పేసి ఊరుకుంటుంది. పెంచేది మనం," అన్నాడు నాన్న.

ఇంట్లో అత్యవసర పరిస్థితి అమల్లోకి వచ్చింది. తమ్ముడి గదికి మందపాటి తెర కట్టారు. వాడు బుగ్గలు ఎర్రగా పెట్టుకుని పాలు తాగుతుంటే, ఆ ఎరుపు కూడా అనుమానాస్పదమేనని తీర్మానించారు. మాత్రల్ని మాత్రం వృథా పోనివ్వలేదు. వాడికి పళ్ళొచ్చాక పనికొస్తాయని వాడి గదిలోనే, అలమర పై అరలో భద్రపరిచారు.

నీళ్ళ బకెట్ మోసుకొస్తూ అక్క మెట్ల మధ్యలో కూలబడింది. చెవుల్లో హోరు, కళ్ళకి చీకట్లు.

"ఈ వయసులో ఆయాసమేమిటే? నీ ఈడులో నేను కొండలు పిండి కొట్టాను," అంది నాన్నమ్మ.

ఆ చుట్టుపక్కల ఒక్క కొండా ఎందుకు లేదో అక్కకి అప్పుడు తెలిసింది.

కాసేపటికి గోడ పట్టుకుని లేచి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, తమ్ముడి గది గుమ్మం దాకా వెళ్ళింది. లోపల నాన్న ఉయ్యాల పక్కన నిలబడి ప్రసంగిస్తున్నాడు.

"రక్తం తక్కువున్న బిడ్డని కంటికి రెప్పలా చూసుకోవడం మనందరి బాధ్యత. పిల్లల నీరసాన్ని పట్టించుకోని కుటుంబాలు కూడా ఉన్నాయట. మనం అలాంటివాళ్ళం కాదు."

"నాన్నా, ఒక్క మాత్ర..." అంది అక్క.

"గాలొస్తోందే తల్లీ, వాడికి పడదు," అంటూ నాన్నమ్మ ఎంతో ఆప్యాయంగా, చప్పుడు కాకుండా తలుపు వేసింది.