మగ్గాల సందులో శంకుస్థాపన

ఆ సోమవారం పొద్దున సుబ్బక్క పెట్టుకున్న పని ఒక్కటే. గడప ముందు బండ ఒకటి పాతించాలి. మగ్గాల సందులో ఆమె ఇల్లు పల్లంలో ఉంది. నాలుగు చినుకులు పడితే చాలు, సందులోని మురికినీళ్లన్నీ ఆ ఇంటితో చుట్టరికం కలుపుకుని తిన్నగా వచ్చి మగ్గం గుంటలో దిగుతాయి. కాళ్లు పెట్టి తొక్కే గుంటలో నీళ్లు నిలిస్తే నేత ఆగుతుంది, పడుగు పాడవుతుంది. కిందటి వానకు సగం నేసిన చీర అలాగే పోయింది. ఇంకొక్కసారి ఇట్లా అయితే మగ్గం పీకేసి ఓర్వకల్లులో వాచ్‌మన్ పనికి పోతానని మొగుడు కాశన్న ఒట్టేసుకున్నాడు. అది అతని తాత నాటి మగ్గం. ఆ ఒట్టు విన్నప్పటి నుంచి సుబ్బక్కకు తిన్నది ఒంటికి పట్టడం లేదు.

సందుకు మురికికాలువ కావాలని ఆమె మున్సిపాలిటీకి పెట్టని అర్జీ లేదు. అక్కడ కాలువ వద్దన్నవాళ్లూ ఎవరూ లేరు పాపం. ప్రతి సమావేశంలోనూ ఆ సంగతి వచ్చేది. శిలాఫలకం మీద చైర్‌పర్సన్ రామసుబ్బమ్మ పేరు పైనుండాలా, వార్డు కౌన్సిలర్ ఓబుళేశు పేరు పైనుండాలా అన్న దగ్గర ఆగిపోయేది. ఇద్దరూ పట్టుదల మనుషులే. మైకులు విరిగేవి, టీలు చల్లారేవి, కాలువ మళ్లీ వచ్చే నెలకు పోయేది.

వీళ్లను నమ్ముకుంటే మగ్గం దక్కదని తేలిపోయాక సుబ్బక్క బేతంచెర్లలో బండల పాలిష్ పనిచేసే తమ్ముడికి ఫోన్ చేసింది. అతను నున్నటి నాపబండ ఒకటి లారీలో పంపించాడు. ఇంటికి కొత్తగా ఏది వచ్చినా పసుపు కుంకుమలు పెట్టి టెంకాయ కొట్టందే ఆమెకు తోచదు. బండను వాకిట్లో గోడకు నిలబెట్టి, కడిగి, పసుపు రాసి, బంతిపూల దండ వేసింది. టెంకాయ కొట్టి పాతిద్దామంటే రాహుకాలం తొమ్మిది దాకా పోదు. ఈలోగా సందులోని మేకలు పూలు మేసేస్తాయని, మగ్గం మీద నుంచి దించిన కొత్త ఎర్రచీరను దాని మీద కప్పి, బొరుగుల ఉగ్గాణి తాలింపుకు లోపలికి పోయింది.

సరిగ్గా అప్పుడే ఓబుళేశు మోటారుసైకిలు మీద అటు వచ్చాడు. ముసుగేసిన రాయి, దండ, పసుపు చూసి బండి ఆపాడు.

"సుబ్బక్కా, ఈ రాయి యాడనుంచి వచ్చినాది?"

"బేతంచెర్ల నుంచప్పా," అంది ఆమె గరిటె పట్టుకునే.

"ముహూర్తం?"

"తొమ్మిది దాటినాక."

ఓబుళేశుకు కళ్లు బైర్లు కమ్మాయి. రామసుబ్బమ్మ మేనల్లుడికి బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. తన వార్డులో, తనకు పిలుపు లేకుండా, ఆమె శంకుస్థాపన. ముసుగెత్తి చూద్దామని చెయ్యి చాచాడు గానీ, లోపల తన పేరు లేకపోతే నడివీధిలో పోయే పరువు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. బండెక్కి వెళ్లినవాడు కాసేపటికే మనుషులతో, డప్పులతో, బుట్టెడు టెంకాయలతో తిరిగొచ్చాడు. తన ముందు రామసుబ్బమ్మ హడావుడి దిగదుడుపు కావాలని బావమరిది జేసీబీని కూడా పిలిపించాడు.

డప్పుల మోత రామసుబ్బమ్మ ఇంటిదాకా పోయింది. తనకు చెప్పకుండా ఓబుళేశు కాలువకు రాయి వేస్తున్నాడని ఆమెకు కబురందింది. చేతిలోని కాఫీ అట్లాగే పెట్టేసి, కమిషనరును, ఇంజినీరు ప్రణీతను, తన వైపు కౌన్సిలర్లను వెంటేసుకుని కార్లలో దిగింది. దిగుతూనే, ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దని సందుకు నవ్వుతూ దండం పెట్టింది. ఓబుళేశు కూడా అంతకంటే పెద్దగా నవ్వి, మేడం కోసమే ఆగామన్నాడు. తనకు పిలుపు రాలేదని ఒప్పుకునే ధైర్యం ఇద్దరికీ లేదు.

సుబ్బక్క నిజం చెప్పబోయింది. నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు ఆమె చేతిలో హారతి పళ్లెమో, పూలదండో పెడుతున్నారు. కాశన్న ఆమె కొంగు లాగాడు.

"ఏమే, ఆ రాయి లోపల పెట్టేద్దాం పా. పెద్దోళ్లను రప్పించి ఆటలాడినామని కేసు పెడతారు."

"పెట్టనీ. నేనెవర్నీ రమ్మనలేదే," అంది సుబ్బక్క. అంది గానీ, అంటూనే కాశన్న వెనక్కి జరిగింది.

ఇంతలో ఇంజినీరు ప్రణీత దగ్గరికొచ్చి, ఈ రాయి ఎవరిదని మెల్లగా అడిగింది. ఏ పనీ మంజూరు కాలేదని ఆ పిల్లకు తెలుసు.

"నాదేనమ్మా. గడపకు పాతుకోవల్లని తెచ్చుకున్యా."

ప్రణీత రాయిని చూసింది. డప్పుల్ని, జేసీబీని, పక్కపక్కన నిలబడ్డ రామసుబ్బమ్మనూ ఓబుళేశునూ చూసింది. ఆ సందు కాలువకు ఆమె అంచనాలు వేసిచ్చి ఏడాదైంది. "నువ్వేం మాట్లాడొద్దు పెద్దమ్మా," అని చెప్పి, తిన్నగా జేసీబీ దగ్గరికి నడిచి, కాలువ యాడనుంచి యాడికి తవ్వాల్నో డ్రైవరుకు చూపించింది. డ్రైవరుకు శంకుస్థాపన అంటే ఏమిటో పెద్దగా పట్టింపు లేదు. బకెట్ దించి తవ్వడం మొదలుపెట్టాడు.

తొమ్మిది దాటింది. ముసుగు ఎవరు తీయాలన్న దగ్గర కాసేపు తోపులాట అయ్యాక, ఇద్దరూ చెరొక కొసా పట్టుకుని లాగారు. చీర జారింది. నున్నటి బండ ఎండకు తళతళా మెరిసింది. దాని మీద ఒక్క అక్షరం లేదు.

డప్పులు ఆగిపోయాయి. రామసుబ్బమ్మ తన పేరు కోసం పైనుంచి కిందికి వెతికింది. ఓబుళేశు కిందినుంచి పైకి వెతికాడు. తన పేరు లేనందుకు ఇద్దరి మొహాలూ మొదట పాలిపోయి, ఎదుటివాళ్ల పేరు కూడా లేదని తెలిశాక మెల్లగా తేరుకున్నాయి. కమిషనరు మాత్రం కర్చీఫుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు. సుబ్బక్క హారతి పళ్లెం పట్టుకుని ముందుకొచ్చింది. ఇక ఆమెకు భయం లేదు. మగ్గం ఒక్కటే కళ్లముందు ఉంది.

"పేర్లు ఎప్పుడైనా చెక్కించుకోవచ్చమ్మా. మీరిద్దరూ ఒక్క తావున నిలబడేది మళ్లీ ఎన్నడో. కాలవ కానీండి."

సందంతా చప్పట్లు కొట్టింది. ఫోన్లు పైకి లేచాయి. అన్ని ఫోన్ల ముందు వెనక్కి తగ్గడానికి రామసుబ్బమ్మకు మనసొప్పలేదు. తాము పేరు కోసం పనిచేసే మనుషులం కాదని గంభీరంగా ప్రకటించింది. ఆ మాట తానెప్పటినుంచో చెబుతున్నానని ఓబుళేశు అందుకున్నాడు. మధ్యాహ్నం అత్యవసర సమావేశం పెట్టి కాలువను మంజూరు చేశారు. ఒక్క మైకు కూడా విరగలేదు. అప్పటికే సగం సందు తవ్వేసి ఉంది కాబట్టి ఇంకో దారి కూడా లేదు.

కాలువ పూర్తయిన వారానికే పెద్దవాన పడింది. కాశన్న మగ్గంలోంచి లేవకుండా మెడ మాత్రం చాచి వీధిలోకి చూశాడు. నీళ్లన్నీ బుద్ధిగా కాలువలో పోతున్నాయి. గుంటలో అడుగు తగిలిస్తే పొడిపొడిగా ఉంది. సుబ్బక్క వాన్లోనే వాకిట్లో నిలబడి, ఆ పారే మురికినీళ్లను గంగమ్మను చూసినంత సంబరంగా చూసుకుంది. ఓర్వకల్లు మాట కాశన్న మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాతి సోమవారం ఊళ్లో ఏ సందులో చూసినా ముసుగేసిన రాయి ఒకటి లేచింది, కమిషనరు నెలరోజులు సెలవు పెట్టాడు.