అడుగున రాసిన నంబరు

ఆ శనివారం ఉదయం ఐలీ నీమి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి ఫ్రిజ్‌లోంచి ఫిల్ము డబ్బా తీయాలి. మూడు గంటలు మూత తీయకుండా బల్ల మీద ఉంచి గది వెచ్చదనానికి రానివ్వాలి. చల్లటి ఫిల్ము మీద చెమ్మ పట్టిందంటే ఇక అంతే సంగతులు. పిసరంత వెలుతురు తగిలినా బొమ్మలు పోతాయి కనక, పదకొండింటికి చీకటి గదిలో మందునీళ్ళతో కడగాలి. సోమవారం లార్చ్‌ఫోర్డ్ అటవీ కార్యాలయంలో ఆమె ఉద్యోగం ఖాయమో కాదో తేలుతుంది.

కానీ ఆమె బెంగ ఉద్యోగం ఒక్కటే కాదు. వేసవి మంటల్లో కాలిన అడవిని విమానంలోంచి తీసిన ఫిల్ము అది. ఐదు వారాల మబ్బు తర్వాత ఒక్క రోజు ఆకాశం తేటపడితే తీశారు. విమానం దక్షిణానికి వెళ్ళిపోయింది, మళ్ళీ వసంతానికి గానీ రాదు. పనికొచ్చే కలప ఎక్కడ నిలిచి ఉందో ఈ బొమ్మల్లో చూసుకుంటేనే చెట్లు కొట్టే చలికాలపు శిబిరం వేస్తారు. వేస్తే ముప్పైమందికి పని. ఆ ముప్పైమందిలో ఒకాయన ఐలీ నాన్న. ఆయన సంతకం పెట్టడం నేర్చుకున్నదే కూతురి కాలేజీ దరఖాస్తు మీద.

ఐలీకి నియమాలంటే భక్తి. "ఫిల్ము తప్ప ఏమీ పెట్టరాదు" అని ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించింది ఆమే. మూతలు తారుమారవుతాయని నియమాల పుస్తకంలో ఉంది కనక నంబరు డబ్బా అడుగున రాసేది.

ఆ ఊళ్ళో ఖాళీ ఫిల్ము డబ్బా పారేసిన పాపాత్ములు లేరు. పొడుగ్గా, గుండ్రంగా, బిగువుగా ఉండే ఆ డబ్బాల్లో ఊరంతా పిండీ మేకులూ దాచుకుంటుంది. పై అధికారి డంకన్ మెక్‌ఫీ భార్య వినిఫ్రెడ్ అయితే ఏటా చర్చి విందుకి పళ్ళ కేకు చేసి అందులో పెట్టి, ఫిల్ము డబ్బాకి చుట్టినట్టే నల్ల టేపు చుట్టి పంపిస్తుంది. ఆ కేకు బరువూ రెండు వందల యాభై అడుగుల ఫిల్ము బరువూ ఒకటేనని కార్యాలయంలో అనుకునేవారు, ఆవిడ లేనప్పుడు.

శుక్రవారం సాయంత్రం మెక్‌ఫీ ఇంటి ఫ్రిజ్‌ని టర్కీ కోడి ఆక్రమించుకుంది. రమ్ము పోసిన కేకుకి చల్లదనం కావాలి. ఆయన ఆఫీసుకొచ్చి కాగితం చదివాడు, అటూ ఇటూ చూశాడు, కేకు లోపల పెట్టేశాడు.

మర్నాడు ఐలీ ముందున్న డబ్బా తీసుకుంది. వెనక ఇంకొకటి ఉందేమోనని వంగలేదు, అడుగు తిప్పి చూడలేదు. ఫిల్ము తప్ప ఏమీ ఉండదని తలుపు మీద రాసే ఉందిగా! తొమ్మిదింటికి మెక్‌ఫీ వచ్చి మిగిలిన డబ్బా చంకన పెట్టుకుని చర్చికి వెళ్ళాడు.

పదకొండయింది. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకట్లో ఐలీ మూత తీసింది. పాతికేళ్ళుగా ఆ గదిలో పనిచేస్తున్న బెర్నీస్ మందునీళ్ళ తొట్టి దగ్గర ఉంది.

"బెర్నీస్, ఫిల్ము మెత్తబడింది."

"మెత్తబడ్డమేంటి?"

"వేలు దిగిపోతోంది. పలుకులు తగుల్తున్నాయి."

"పూత ఊడిపోయిందే తల్లీ! నీ ఉద్యోగం గోవిందా. ఏదీ, ఇలా పట్రా." తర్వాత నమిలిన చప్పుడు.

"ఏం చేస్తున్నావ్?"

"పరీక్ష. ఎండుద్రాక్ష, అక్రోటు, రమ్ము. ఇది వినిఫ్రెడ్ గారి కేకు."

"లైటు వెయ్యకు! ఫిల్ము ఇక్కడే ఎక్కడైనా ఉందేమో!"

ఐలీ ఇరవై నిమిషాలు ప్రతి బల్లా, ప్రతి అరా తడిమింది. బెర్నీస్ పరీక్ష కొనసాగించింది.

కేకు ఇక్కడుంటే ఫిల్ము ఎక్కడుంటుందో తట్టి ఐలీ పరిగెత్తేసరికి చర్చి హాల్లో విందు సగంలో ఉంది. అయ్యాక ఒకరి డబ్బా ఇంకొకరు, మూత తీయకుండా, ఇంటికి పట్టుకుపోవడం ఆ ఊరి ఆనవాయితీ. ఐలీ మెక్‌ఫీ చెవిలో సంగతి ఊదింది.

"ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టానని వినిఫ్రెడ్‌కి తెలిస్తే నన్నూ అందులోనే పెడుతుంది," అని ఆయన వణికి, కుర్చీ ఎక్కి అరిచాడు: "ఎవరూ డబ్బాలు తెరవకండి! ఒకదాంతో ప్రమాదం ఉంది!"

"ఎవరి డబ్బా?" అన్నారెవరో.

ఐలీకి అబద్ధం చేతకాదు. "వినిఫ్రెడ్ గారిదండి."

హాల్లో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. అదే వినిఫ్రెడ్‌కి కాలింది. "నా కేకు తిని ఎవరు చచ్చారు? తీసుకురండి, ఇక్కడే మూత తీస్తా! మొదటి ముక్క మా ఆయనకే పెడతా!"

కిటికీల్లోంచి ఎండ నిండుగా పడుతోంది. ఐలీకి పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ డబ్బా అక్కడ లేదు. రైల్వేలో పనిచేసి రిటైరైన ముసలి గొదాన్ ముందే పట్టుకుపోయాడట.

"ఏటా ఆయన ఏరి మరీ నాదే తీసుకుంటాడు. తెలుసా?" అంది వినిఫ్రెడ్.

గొదాన్ ఇంటికి వెళ్ళే దారిలో, ఆఫీసు బండిలో ఐలీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. వినిఫ్రెడ్ భర్త వైపు తిరిగి, "మీ సంగతి ఇంటికెళ్ళాక," అంది.

గొదాన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"తెరిచారా?" అంది ఐలీ.

"లేదమ్మా."

"చూపించండి."

"కింద గదిలో ఉంది. చీకటీ, చలీ. మీరెందుకు, నేనే..."

వినిఫ్రెడ్ అప్పటికే మెట్లు దిగుతోంది. కింద చల్లటి గోడ వారన పన్నెండు డబ్బాలు బారుగా ఉన్నాయి. ఒక్కదాని టేపూ చెదరలేదు.

"ఇవాళ్టిది ఏది?"

"అన్నీ ఒకలాగే ఉంటాయి కదమ్మా."

ఐలీ ఒక్కొక్కటీ తిప్పి చూసింది. ఐదోదాని అడుగున తన చేతిరాత కనిపించింది. డబ్బాని ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూలబడింది.

"పదకొండేళ్ళు, గొదాన్ గారూ," అంది వినిఫ్రెడ్ నెమ్మదిగా.

ముసలాయన తల దించుకున్నాడు. "మా ఆవిడ పోయిన ఏడు మొదటిది మీరే ఇచ్చారు. తెరిస్తే ఎలా ఉందో తేలిపోతుంది. తెరవకపోతే, నాకోసం ఎవరో చేశారన్నది అలాగే ఉంటుంది."

"మరి మిగతా పదీ?"

"అంతమందిలో మీ డబ్బా ఒక్కటే మిగిలిపోతే చూడలేకమ్మా."

వెలుతురు తగలకుండా దాచాల్సినవి ఫిల్ములే కాదు కాబోలు అనుకుంది ఐలీ. కానీ దాచిందల్లా ఎప్పుడో ఒకప్పుడు కడిగి చూసుకోవాలి కదా అని కూడా అనుకుంది. దానికి పుస్తకంలో నియమం లేదు.

అందరూ ఆఫీసుకొచ్చారు, గొదాన్‌తో సహా. బెర్నీస్ ఒళ్ళో డబ్బా ఖాళీగా ఉంది.

"నా కేకేదీ?"

"ముక్క కూడా మిగల్లేదండీ. ఏటా ఇంత రుచిగానే చేస్తారా?"

వినిఫ్రెడ్ ముఖంలో కోపం ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఆగిపోయింది. గొదాన్ టోపీ నలుపుకుంటూ, "నిరుటిది ఇంకా బాగుంటుందంటారా?" అని అడిగాడు.

కడిగిన ఫిల్ము సాయంత్రానికి ఆరింది. కాలిన నేల మధ్య, వాగు పక్కన, నిటారుగా నిలిచిన చెట్లు వెంట్రుకలంత సన్నగా, స్పష్టంగా కనిపించాయి. ముప్పైమందికి సరిపడా ఉన్నాయి.

సోమవారం ఉద్యోగం ఖాయమైంది. ఐలీ ఫ్రిజ్ కాగితం చించి కొత్తది అంటించింది: "ఫిల్ము తప్ప ఏమీ పెట్టరాదు. పెట్టినవారు అడుగున పేరు రాయవలెను."